గుర్రం ఇంట్లో దిగిన బంటు

నా హ్యాండుబ్యాగులో తాళాలు, దువ్వెన, బీపీ మాత్రలతో పాటు ఒక చెక్క గుర్రం ఉంటుంది. బొటనవేలంత గుర్రం. నల్లరంగు సగం పోయింది, ఒక చెవి లేదు. కర్నూలులో మా సిమెంటు దుకాణం గల్లా దగ్గర కూర్చుని పెన్ను కోసం బ్యాగులో చెయ్యి పెట్టినప్పుడల్లా అది వేళ్ళకు తగులుతుంది. చూసినవాళ్ళు పిల్లల బొమ్మ అనుకుంటారు. దానితో నేను ఒక మనిషి పరువు తీశాను. తీసినందుకు ఇవాళ్టికీ నాకు రవ్వంత బాధ లేదు.

మాది ఎర్రగుంట్ల దగ్గర పల్లె. మిద్దె ఎక్కితే సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం కనబడేది. ఇంట్లో నేలంతా నాపబండలే. పడసాలలో గోడ పక్కనున్న ఒక బండ మీద మాత్రం ఉలితో గీతలు గీసి చదరంగం గడులు చెక్కి ఉండేవి. ఎవరు చెక్కించారో తెలియదు గానీ ఆ బండకు అధికారి మా జేజి, అంటే మా నాయన తల్లి. మధ్యాహ్నం తిండి తిని, ఆకువక్క నోట్లో వేసుకుని, రేకుడబ్బాలోంచి చెక్క పావులు కుమ్మరించి "రా" అనేది. ఆ ఒక్క మాటకు నేను వీధిలో ఆట వదిలేసి వచ్చేదాన్ని.

జేజి ఆటకు జేజి రూళ్ళు. బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే నడుస్తుంది. రాజు తన జన్మలో ఒక్కసారి గుర్రంలా దూకొచ్చు. అన్నిటికంటే ముఖ్యమైనది బంటుకు పట్టం కట్టడం. బంటు నడిచి నడిచి అవతలి చివరి వరసకు చేరితే, ఏ పావు పుట్టిన గడిలో దిగిందో ఆ పావే అవుతుంది. ఏనుగు గడిలో దిగితే ఏనుగు, ఒంటె గడిలో దిగితే ఒంటె. రాజు గడిలోనో మంత్రి గడిలోనో దిగితేనే మంత్రి.

"అన్నీ మంత్రులే అయితే బాగుంటుంది గదా జేజీ" అని ఒకసారి అడిగాను.

"అందురూ మంత్రులైతే గుర్రాలెక్కేదెవురు? యాడ దిగినోడు ఆడ కొలువు చేయల్ల" అంది.

ఇది మా జేజి సొంత పైత్యం కాదనీ, పాతకాలంలో మన పల్లెల్లో శానామంది ఇట్లాగే ఆడేవాళ్ళనీ, బయటి పోటీల్లో రూళ్ళు వేరేగా ఉంటాయనీ నాకు తర్వాత తెలిసింది. ఆ తెలివి అవసరమైన రోజున మాత్రం లేదు.

జేజికి ఇంకో గుణం ఉండేది. పగ పడితే వదలదు. పక్కింటామె ఒకసారి ఆట మధ్యలో, జేజి నీళ్ళకు లేచినప్పుడు, చచ్చిన ఒంటెను తెచ్చి మళ్ళీ గడిలో పెట్టింది. జేజి చూసింది, ముందు ఆట గెలిచింది. ఆ మర్నాటి నుంచి ఆమెకు మా ఇంటి మజ్జిగ పోవడం ఆగిపోయింది. ఆమె మనవరాలి పెళ్ళికి కూడా జేజి పోలేదు. మా నాయన నచ్చజెప్పబోతే, "సచ్చిన ఒంటెను లేపింది గదా, ఆ ఒంటెనే పోయి అచ్చింతలు ఏయమను" అంది. నాలో ఉన్నది ఆ రక్తమే.

నేను ఏడో తరగతిలో ఉన్నప్పుడు మా బడి డ్రిల్లు సారు కొందరిని కడపకు చదరంగం పోటీకి తీసుకుపోయాడు. చిన్నా పెద్దా తేడా లేకుండా ఎవరైనా ఆడే పోటీ. బంటు మొదట రెండు గడులు పోవచ్చనీ, రాజు ఏనుగు చాటుకు చేరొచ్చనీ సారు ముందే నేర్పించాడు. చివరి వరసకు చేరిన బంటు ఏమవుతుందో మాత్రం చెప్పలేదు. మా బడిలో ఎవరి బంటూ అంత దూరం పోయిన పాపాన పోలేదు మరి.

అక్కడ నా ఎదుట కూర్చున్నవాడు కాలేజీ పిల్లోడు. ఇస్త్రీ చొక్కా, జేబుకు రెండు పెన్నులు. అప్పటికే కడపలో వాడికి మంచి ఆటగాడని పేరు. వాడివి తెల్లపావులు, నావి నల్లవి. మంత్రి ముందున్న బంటును రెండు గడులు తోసి, నా జడకుచ్చుల వంక చూసి, పక్క బల్ల వాళ్ళతో మాట్లాడుకుంటూ ఆడాడు. ఆ నిర్లక్ష్యమే వాడి కొంప ముంచింది. ఆట చివరికి నా బంటు ఒకటి వాడి రాజు పక్కకు దూరి, గుర్రం పుట్టే గడిలో దిగింది. అక్కడ మంత్రిని పెట్టుకుంటే రెండు ఎత్తుల్లో ఆట నాది. నేను చచ్చిన పావుల్లోంచి గుర్రాన్ని తీసి బుద్ధిగా ఆ గడిలో పెట్టాను.

వాడు కాసేపు గడిని చూశాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. పక్క బల్లల వాళ్ళను కేకేసి పిలిచాడు.

"ఏం పాపా, మీ ఊర్లో మంత్రులు లేరా?"

"గుర్రం ఇంట్లో దిగింది గదన్నా. గుర్రమే అయితాది" అన్నాను.

"ఎవురు చెప్పినారు?"

"మా జేజి."

ఆ మాటతో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా విరగబడ్డారు. పోటీ నడిపే పెద్దమనిషి కూడా నవ్వు ఆపుకుని, పెట్టింది పెట్టిందే, మార్చడానికి లేదు అన్నాడు. కళ్ళలో నీళ్ళు నిండి నాకు గడులు కనబడలేదు. గెలిచే ఆట ఓడిపోయాను. నేను లేస్తుంటే వాడు "గుర్రం పాప పోతాంది, దారి ఇయ్యండప్పా" అన్నాడు. మా బడి పిల్లలు ఆ పేరును జాగ్రత్తగా ఎర్రగుంట్ల దాకా మోసుకొచ్చారు. పదో తరగతి దాటేదాకా నేను గుర్రం పాపనే.

ఆ సాయంత్రం జేజి ఒళ్ళో తల పెట్టి ఏడ్చాను. ఆమె ఊరడించలేదు. వాళ్ళ రూలు వేరేనంట అని చెప్పినా పట్టించుకోలేదు. ఆకువక్క ఉమ్మి వచ్చి, "వాడు ముందు ఏ బంటు తోసినాడు?" అని అడిగింది.

"మంత్రి ముందరిది."

"మనిషి ముందు తోసే బంటును సచ్చేదాకా మార్చుకోడు. దాన్నే కనిపెట్టుకోనుండు" అంది. అంతే. మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

జేజి పోయింది. నాకు కర్నూలు సంబంధం కుదిరింది. పల్లెలో బండలు పెకలించి టైల్స్ వేసినప్పుడు ఆ గడుల బండ ఎటు పోయిందో ఎవరూ చెప్పలేకపోయారు. రేకుడబ్బాలో మిగిలిన పావుల్లో చెవి విరిగిన ఈ గుర్రం ఒక్కటే నాకు పనికొచ్చేలా కనబడింది, తెచ్చుకున్నాను. దుకాణంలో లారీకీ లారీకీ మధ్య ఊరికే కూర్చునే వేళ ఫోనులో చదరంగం ఆడటం అలవాటైంది. తెర మీద పడిన సిమెంటు దుమ్మును కొంగుతో తుడుచుకుంటూ ఎవరెవరో ముక్కూమొహం తెలియని దేశాల వాళ్ళతో ఆడేదాన్ని. మా ఆయన "నీ ఆటలో పడి మూటలు తక్కువ దించుకుంటే సెప్తా నీ కత" అని బెదిరించేవాడు. ఎప్పుడూ తక్కువ దించుకోలేదు.

మా దగ్గర సరుకు తీసుకునే వాళ్ళలో ఒక మేస్త్రీ ఉన్నాడు. సొంతూరు కడప, ఇళ్ళు కట్టేది కర్నూలులో. రెండేళ్ళ కింద ఒకరోజు అతను గల్లా ముందు నిలబడి నా ఫోనులోకి తొంగి చూశాడు.

"చెస్సా అక్కా? మా పిల్లోడు గూడా కడపలో నేర్చుకుంటాండాడు. ఆడ సారు శానా బాగా చెప్తాడు. గుర్రం పాప అని ఒక కత చెప్తాడంటక్కా, నవ్వి నవ్వి సావల్ల."

నా వేలు ఫోను మీద ఆగిపోయింది. "ఏం కతప్పా?" అన్నాను.

"ఎప్పుడో ఒక పల్లె పాప సారుతో ఆటకు కూసుందంట. గెలిచే ఆట. బంటు చివరికి పోయినాక మంత్రిని పెట్టుకోకుండా గుర్రాన్ని పెట్టిందంట. ఏం పాపా అంటే, మా జేజి చెప్పింది అనిందంట. వాళ్ళ జేజి గొర్రెల దొడ్లో కూసోని మేకపెంటికలతో ఆడేదంటక్కా చదరంగం." చెప్పి మేస్త్రీ పొట్ట పట్టుకుని నవ్వాడు.

మేకపెంటికల మాట నేను ఆ రోజు అనలేదు. మా ఇంట్లో గొర్రెల దొడ్డే లేదు. ఇన్నేళ్ళుగా ఆ మనిషి నా అవమానాన్ని మేపి, బలిపించి, పిల్లలకు పంచిపెడుతున్నాడు. నన్ను ఏమన్నా అనుకోనీ. జేజి చేతిలో మేకపెంటికలు పెట్టడం నేను ఓర్చుకోలేకపోయాను. ఆ పాప నేనే అని మేస్త్రీతో అక్కడికక్కడే చెప్పి ఉండొచ్చు. చెబితే అతను నొచ్చుకునేవాడు, అంతటితో అయిపోయేది. నాకు అంత తక్కువలో అయిపోవడం ఇష్టం లేదు.

జేజి అడిగిన ప్రశ్నే అడిగాను. "మీ సారు ముందు ఏ బంటు తోస్తాడప్పా?"

"మంత్రి ముందరిదే అక్కా. పిల్లోళ్ళకూ అదే నేర్పిస్తాడు. రాజు ముందర బంటు తోసేటోళ్ళు తొందర మనుషులంట."

రాయలసీమ పగ అంటే సినిమాల్లో సుమోలు గాల్లోకి లేస్తాయి. నాకు ఫోను చార్జింగు ఉంటే చాలనిపించింది. మేస్త్రీ నా ఫోనుకు పంపిన శిక్షణ కేంద్రం కరపత్రంలో సారు ఫోనులో ఏ పేరుతో ఆడతాడో ఉంది, పిల్లలు చూసి నేర్చుకోవాలని. నేనూ చూసి నేర్చుకున్నాను. తెల్లపావులు వస్తే చాలు, మంత్రి బంటు రెండు గడులు. వెంటనే దాని పక్కన ఒంటె ముందరి బంటు రెండు గడులు. అది ఎర. అవతలివాళ్ళు తింటే నిదానంగా వెనక్కి లాక్కుంటాడు, తినకపోతే నిదానంగా పిసుకుతాడు. ఎటుపోయినా ఆట ఆయన చెప్పినట్టే నడుస్తుంది.

నేను వెతికింది ఆ నిదానాన్ని మొదట్లోనే చెడగొట్టే ఆట. అది ఉంది. ఆయన ఎర పెట్టినప్పుడు దాన్ని తినకూడదు, కాచుకోనూ కూడదు. నా రాజు ముందరి బంటును తీసుకుపోయి ఎదురుగా పెట్టి, నువ్వే తిను అనాలి. ఆయన తింటాడు. తినగానే నా మంత్రి బంటు ఇంకో గడి ముందుకు పోయి ఆయన ఇంటి నడిమధ్యన కూర్చుంటుంది. ఆ ఆటకు ఎవరో పాతకాలపు దొర పేరుంది. నేను మాత్రం ఎదురుబంటు అని పిలుచుకున్నాను. పెద్ద ఆటగాళ్ళు దాన్ని అంతగా నమ్మరు. ఓపిగ్గా ఆడితే తెల్లపావుల వాళ్ళకే లాభమంటారు. ఓపిక ఉన్నవాళ్ళ సంగతి నాకెందుకు?

ఒక మధ్యాహ్నం ఎర్రగుంట్ల లారీలో సరుకు దిగుతుంటే, చెవిలో తీగ పెట్టుకుని ఆ ఆట మీద ఒక వీడియో చూస్తున్నాను. అందులో ఒక ఉచ్చు చూపించారు. తెల్లపావుల వాడు తొందరపడి ఆ మధ్య బంటును విరగ్గొట్టబోతే, అది అడ్డమొచ్చినవాటిని తింటూ పోయి, చివరికి తెల్లరాజు పక్కన గుర్రం పుట్టే గడిలో దిగుతుంది. అక్కడ మంత్రిని పెట్టుకుంటే నల్లవాడి పని అయిపోతుంది. గుర్రాన్ని పెట్టుకుంటే అది అక్కణ్ణుంచే రాజుకు చెక్ అవుతుంది, గెలుస్తాడు. వీడియో వెనక్కి తిప్పి మళ్ళీ చూశాను. అదే గడి. నేను ఏడో తరగతిలో గుర్రం పెట్టి నవ్వులపాలైన గడి. ఎక్కడో దొరల ఆటలో, జేజి రూలు ఒక్కచోట అక్షరాలా నిజమై కూర్చుంది.

నాకు ఒళ్ళు వేడెక్కింది. మా ఆయన వచ్చి నా మొహం చూసి, "ఏమైంది, జొరమా?" అన్నాడు.

"జొరం ఎప్పటిదో. మందు ఇప్పుడు దొరికింది" అన్నాను.

ఆయన ఆ ఉచ్చులో పడతాడా అన్నదే అనుమానం. ఫోనులో ఆయన పాత ఆటలు తవ్వాను. ఎదురుబంటు ఆయనకు అప్పుడప్పుడు తగిలింది. తగిలిన ప్రతిసారీ ఆ మధ్య బంటును కొట్టడానికి రాజు ముందరి బంటును ఒక్క గడి తోశాడు. అదే తప్పు. అవతలివాళ్ళకు ఆ ఉచ్చు తెలియక ఊరుకున్నారు, ఆయనకు అది అలవాటైపోయింది. ఇంకో సంగతీ నాకు అర్థమైంది. బంటుకు గుర్రం పట్టం కట్టడం ఆయనకు ఒక జోకు. ఏళ్ళ తరబడి మైకులో చెప్పి నవ్వించిన జోకు. అది తన మీదికే నిజంగా వస్తుందని ఆ మనిషి లెక్కలో వేసుకోడు.

కడప శిక్షణ కేంద్రం వార్షికోత్సవం నాడు సారు అందరితోనూ ఒకేసారి ఆడతాడని మేస్త్రీ చెప్పాడు. వరసగా బల్లలు వేస్తారు, సారు లోపల నడుస్తూ ఒక్కో బల్ల దగ్గర ఒక్కో ఎత్తు వేసి ముందుకు పోతాడు, పెద్దవాళ్ళు కూడా కూర్చోవచ్చు. తెల్లపావులు అన్ని బల్లల మీదా ఆయనవే. నేను వినాల్సింది అదే. మేస్త్రీతో నా పేరు రాయించి, పొద్దున్నే నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా పోయే బస్సెక్కాను. బంటు గడిలో దిగేవేళకు నా గుర్రాలు రెండూ బతికే ఉంటాయి, మూడో గుర్రం ఆ బల్ల మీద ఎక్కడా దొరకదు. అందుకని జేజి గుర్రాన్ని బ్యాగులో వేసుకున్నాను.

కల్యాణ మండపం నిండా పిల్లలు, తల్లులు, తండ్రులు. సారు జుట్టుకు రంగు వేశాడు, చొక్కా పొట్ట దగ్గర బిగిసింది. నవ్వు మాత్రం అదే. ఆట మొదలుపెట్టే ముందు మైకు అందుకుని, పెద్దలు కూడా వచ్చినారు కాబట్టి అంటూ గుర్రం పాప కత చెప్పాడు. ఈసారి జేజికి కళ్ళు కూడా కనబడవని కలిపాడు. హాలంతా పకపకలు. వెనక వరసలోంచి మేస్త్రీ నా వైపు తిరిగి, నే చెప్పలే అన్నట్టు చెయ్యి ఊపాడు. నేనూ నవ్వాను. అంత తీపిగా నవ్వడం నాకు వచ్చని నాకే తెలియదు.

ఆయన మొదటి బల్ల నుంచి చివరి బల్ల దాకా మంత్రి బంట్లను టకటకా తోసుకుంటూ పోయాడు. నా దగ్గర ఆగనైనా ఆగలేదు. మళ్ళీ వచ్చేసరికి నా మంత్రి బంటును ఎదురు పెట్టాను. ఒంటె ముందరి బంటు తోసి పోయాడు. మూడోసారి వచ్చినప్పుడు ఆయన చూస్తుండగా రాజు ముందరి బంటును రెండు గడులు తోశాను.

"అబ్బో, మేడమ్ గట్టోళ్ళే" అని నవ్వి, ఆ బంటును తినేశాడు.

నా మంత్రి బంటు మధ్య గడిలోకి నడిచింది. ఆయన వెళ్ళి తిరిగి వచ్చేలోపు వీడియోలో చూసిన ఎత్తులన్నీ మనసులో మళ్ళీ ఒకసారి వేసుకున్నాను. ఇక్కడ నిదానంగా ఒక గుర్రాన్ని బయటికి తీస్తే చాలు, నేను పడిన కష్టమంతా వృథా. ఆయన వచ్చాడు. ఫోను మోగితే తీసి చూసుకుని, కట్ చేసి, రాజు ముందరి బంటును ఒక్క గడి తోసి పోయాడు.

నేను ఒంటెతో రాజుకు చెక్ పెట్టాను. ఆయన తన ఒంటెను అడ్డం పెట్టాడు. ఆ ఒంటె జోలికి పోకుండా నా బంటుతో ఆయన బంటును తిన్నాను. ఆయన కనుబొమ్మలు ఎత్తి, ఒంటెను ఊరికే ఇస్తాండారే మేడమ్ అని, నా ఒంటెను తీసేసుకున్నాడు. నా బంటు ఇంకో బంటును తిని రాజుకు చెక్ అంది. రాజు ఒక గడి ముందుకు జరిగాడు. అప్పుడు మాత్రం ఆయన అక్కడే ఒక్క క్షణం నిలబడి బల్లను చూశాడు. ఏం లెక్క వేశాడో నాకు తెలుసు. ఆమె బంటు నా గుర్రాన్ని తిని మంత్రి అవుతుంది, నేను ఆమె పాత మంత్రిని తింటాను, తర్వాత కొత్త మంత్రినీ ఏనుగుతో తింటాను. లెక్క సరిపోయింది. ఆయన నవ్వుకుని పక్క బల్లకు పోయాడు.

మళ్ళీ వచ్చేదాకా నేను కదలలేదు. ఆయన ఎదురుగా నిలబడ్డాక, నా బంటుతో ఆయన గుర్రాన్ని తిన్నాను. ఆ గడిలోంచి బంటును తీసేసి, బ్యాగు జిప్పు లాగి, జేజి గుర్రాన్ని అక్కడ పెట్టాను.

ఆయనకు నవ్వు ఆగలేదు. అప్పుడే చెప్పిన కత గదా, చుట్టుపక్కల బల్లల వాళ్ళు కూడా లేచి చూసి నవ్వారు. "మేడమ్, మంత్రిని పెట్టుకోవచ్చు. గుర్రమే పెట్టల్లని రూలేం ల్యా" అన్నాడు, అందరికీ వినబడేలా.

"నాకు తెలుసు సార్. నాకు గుర్రమే కావల్ల. మీ రాజుకు చెక్, చూసుకోండి."

ఆయన చూశాడు. నవ్వు మొహం మీద అలాగే ఉంది గానీ కళ్ళు బల్ల మీద పరుగెత్తడం మొదలుపెట్టాయి. ఇప్పుడు నా మంత్రిని తినడానికి వీల్లేదు, ముందు రాజును కాపాడుకోవాలి. శానాసేపటికి ఏనుగుతో గుర్రాన్ని తిన్నాడు. తిన్న గుర్రం చేతిలోకి వచ్చింది. చెవి లేని చెక్క గుర్రాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"ఇది మా సెట్టులోది కాదే" అన్నాడు.

"కాదు సార్. మా జేజిది. మేకపెంటికలతో ఆడేది అన్నారే, ఆ జేజిది. ఆమెకు కళ్ళు కూడా బాగా కనబడేవి."

అని, నా రెండో ఒంటెను తీసుకుపోయి ఆయన రాజుకు ఎదురుగా పెట్టాను. రాజు తప్పుకోక తప్పదు. తప్పుకుంటే వెనకనున్నది ఆయన మంత్రి.

నవ్వినవాళ్ళే ఒక్కొక్కరూ లేచి వచ్చి మా బల్ల చుట్టూ మూగారు. మేస్త్రీ నోరు తెరుచుకుని నిలబడ్డాడు. సారు నా మొహంలోకి చూశాడు. జడకుచ్చులు గుర్తొచ్చాయో లేదో నాకు తెలియదు. ఆ చెంపల్లో రంగు మారడం మాత్రం నేను కళ్ళారా చూశాను. నాకు హాయిగా ఉంది. ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్ళు తాగినట్టు ఉంది.

ఆయన బల్ల మీదికి వంగి, గొంతు తగ్గించి, "మేడమ్, డ్రా అనుకుందామా? పిల్లలు చూస్తాండారు" అన్నాడు.

"పిల్లలు చూస్తాండారనే వద్దంటాండా సార్" అన్నాను. గొంతు తగ్గించలేదు.

తన మంత్రి పోయాక కూడా ఆయన ఇంకొన్ని ఎత్తులు లాగాడు. ప్రతిసారీ నా బల్ల దగ్గరికి ఆలస్యంగా వచ్చాడు. చివరికి రాజును పడుకోబెట్టి, చెయ్యి చాపి, "బాగా ఆడినారు" అన్నాడు. నేను ఆ చెయ్యి అందుకోలేదు.

"ఇంక మీద ఆ కత చెప్పేటప్పుడు ఈ ముక్క గూడా కలిపి చెప్పండి. పాప మళ్ళీ వచ్చింది, అదే గడిలో గుర్రాన్నే పెట్టి గెలిచింది, జేజి చెప్పింది ఆ గడి వరకు సరైనదే అని."

"తప్పకుండా మేడమ్. పిల్లలకు మంచి పాఠం" అన్నాడు.

"గుర్రం ఇవ్వండి" అన్నాను. అది ఇంకా ఆయన పిడికిట్లోనే ఉంది.

తిరుగు బస్సులో మైదుకూరు దాటేదాకా నాలో నేను నవ్వుకుంటూనే ఉన్నాను. పక్క సీటామె సర్దుకుని కిటికీ వైపు జరిగింది. జేజి ఉంటే ఎంత బాగుండు అనిపించింది. ఉంటే శభాష్ అనేది కాదు. డ్రా అడిగినప్పుడు వాని మొగం యెట్లుండె, మళ్ళా చెప్పు, అనేది. ఎన్నిసార్లయినా చెప్పేదాన్ని.

మేస్త్రీ కొన్నాళ్ళు నా మొహం చూడలేకపోయాడు. "ఆ పాప నువ్వే అని చెప్పింటే ఆ పొద్దు నేను నవ్వుదునా అక్కా" అని నొచ్చుకున్నాడు. అతని మీద నాకేం కోపం లేదు. మొన్న వేసవిలో సిమెంటు కోసం వచ్చినప్పుడు, కత ఇప్పుడు ఎట్లా చెబుతున్నాడని అడిగాను.

"సారు ఆ కత చెప్పడం ల్యాక్కా."

"ల్యా అంటే?"

"మొత్తానికే మానేసినాడు. బంటుకు పట్టం కట్టే పాఠం వస్తే, మంత్రిని పెట్టుకోండి అని చెప్పి ముందుకు పోతాడంట. మా పిల్లోడు గుర్రం సంగతి అడిగితే గమ్మునుండు అన్నాడంట. ఇంకోటి అక్కా, మంత్రి బంటు తోయడం గూడా ఇడిసిపెట్టినాడు. ఇప్పుడు రాజు ముందరిదే తోస్తాండాడు."

మనిషి ముందు తోసే బంటును చచ్చేదాకా మార్చుకోడని జేజి అంది. జేజి మాట తప్పించేంతగా భయపెట్టాను ఆయన్ను. ఆ తృప్తి నాకు ఒక పూట ఉంది. తర్వాత కడుపు మళ్ళీ మండింది. జేజిని గొర్రెల దొడ్లో కూర్చోబెట్టి ఏళ్ళ తరబడి నవ్వించిన నోటికి, ఆమె గెలిచిన సంగతి చెప్పాల్సి వచ్చేసరికి మాట పడిపోయింది. ఇన్ని ఏళ్ళలో ఆ కత విన్న పిల్లలంతా మేకపెంటికల దగ్గరే ఆగిపోయి ఉన్నారు. వాళ్ళకు చివర ఎవరు చెబుతారు?

ఆ మధ్యాహ్నమే ఫోను తీసి, రాజు ముందరి బంటు తోసేవాళ్ళ మీద ఏముందో వెతకడం మొదలుపెట్టాను. శానా ఉంది. గుర్రం బ్యాగులోనే ఉంది. మేస్త్రీ సరుకు బండికెత్తించి పోతుంటే పిలిచి, ఈసారి వార్షికోత్సవానికి కూడా నాకు ఒక బల్ల రాయించమన్నాను.

"ఏం పేరు రాయించల్లక్కా?" అన్నాడు, వచ్చే నవ్వు ఆపుకుంటూ.

"గుర్రం పాప అని రాయించు" అన్నాను.